మూడు చెంచాల నీళ్ళు, ఆ తర్వాతే కాఫీ

మా ఆసుపత్రి మూడో అంతస్తులో పక్షవాతం వార్డు ఉండేది. ఆ వార్డు నర్సు హెల్కా మోయిలనెన్‌కి రోగుల బంధువులు పెట్టిన పేరు కాఫీ పోలీసు. తన వెనక అలా అంటారని ఆమెకు తెలుసు. "పోలీసు అన్నారుగా, దొంగ అనలేదుగా" అని ఊరుకునేది.

నేను ఆ వార్డు వంటగదిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పొద్దున ఏడింటికి జావ, కాఫీ, తొమ్మిదిన్నరకు ఇంకో కాఫీ, పదకొండున్నరకు భోజనం, రెండింటికి మళ్ళీ కాఫీ, నాలుగున్నరకు సాయంకాలపు తిండి. బండి తోసుకుంటూ గది గదికీ వెళ్ళి పళ్ళేలు పెట్టడం నా పని. గది తలుపు మీద కాగితం ఉంటుంది. దాని మీద ఏమి రాసి ఉంటే అది పెట్టాలి. అంతకు మించి ఆలోచించమని నన్నెవరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. హిల్యా టీచరు పోయేదాకా.

తొంభై ఆరు ఫిబ్రవరిలో, చెరువు మీద లారీలు నడిచేంత గడ్డకట్టిన రోజుల్లో, హిల్యా కెంప్పైనెన్‌ని మా వార్డుకి తెచ్చారు. ఎనభై ఒక్క ఏళ్ళు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి, నాక్కూడా. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. మర్నాడు పొద్దున నేను జావ, కాఫీ పట్టుకుని వెళ్తే నన్ను చూసి, "నువ్వు మూడో బెంచీ మార్తావి కదూ. ఎనిమిదో ఎక్కం ఇంకా తప్పుతున్నావా?" అంది. మాట కాస్త ముద్దగా వచ్చినా వెటకారం వెటకారంలాగే ఉంది. తలుపు మీద కాగితంలో "మామూలు ఆహారం" అని ఉంది. వీపు వెనక దిండు పెట్టి, ఎడం చేతికి కాఫీ అందించాను. రెండో గుక్కకి పొలమారింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీపు మీద మెల్లగా తట్టాను. "తొందరపడ్డాను" అని ఆవిడే సర్దుకుని మిగతాది తాగేసింది. మధ్యాహ్నం సూపు తాగేటప్పుడూ రెండుసార్లు దగ్గింది. మూడో రోజు జ్వరం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. ఆరో రోజు పోయింది.

మా పెద్ద డాక్టరు రౌతియో చెడ్డవాడు కాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. శీతాకాలమంతా కాళ్ళకు కట్టుకుని మంచు మీద జారే బద్దల మీదే ఆసుపత్రికి వచ్చేవాడు. టీచరు మంచం దగ్గర చాలాసేపు నిలబడి, "ఎనభై ఒక్కేళ్ళు, పక్షవాతం, నిమ్ము. మూడూ కలిసొస్తే ఎవరం ఏం చేస్తాం" అన్నాడట. అందరం అదే అనుకున్నాం. నేను చర్చికి వెళ్ళి, పూలు పెట్టి వచ్చాను.

రెండు రోజుల తర్వాత హెల్కా వంటగదిలోకి వచ్చి తలుపు వేసింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్ళు. ఎనిమిది ఆవుల పాడి ఉన్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, భుజాలు వెడల్పు, చేతులు పెద్దవి, మాటలు తక్కువ. భర్త తౌనో మునిసిపాలిటీలో మంచు ఎత్తే బండి నడిపేవాడు. హెల్కా ఒక పని పట్టుకుంటే ఉడుం పట్టేనని అతనే అందరితో చెప్పేవాడు, ఆ పట్టు ఇంట్లో ముందు తన మీదే పడుతుంది కాబట్టి.

"మొదటి రోజు పొద్దున టీచరుకి ఏం ఇచ్చావు?" అని అడిగింది. చెప్పాను. పొలమారిందా అంది. అవునన్నాను. ఎన్నిసార్లు, ఏది తాగినప్పుడు, ఆ తర్వాత గొంతు ఎలా ఉంది, అన్నీ అడిగింది. జవాబులు చెప్తూ చెప్తూ ఉండగానే అసలు సంగతి నా బుర్రకెక్కింది. చేతిలో ఉన్న గరిటె బల్ల మీద పెట్టేశాను.

"అంటే ఆ కప్పు నేనే కదా ఇచ్చింది, హెల్కా."

"నువ్వు ఇవ్వమన్నది ఇచ్చావు. ఇవ్వమని రాసినవాడు ఆవిడ మింగగలదో లేదో చూడలేదు. చూసి రాయాలని వాడికి ఎవరూ చెప్పలేదు." ఆ గరిటె తీసి నా చేతికిచ్చి, "ఆ చెప్పేదేదో మనమే చెప్పాలి, మార్తా" అంది.

నన్ను ఓదార్చలేదు. కానీ "మనం" అంది. ఆ మాట పట్టుకునే నేను మర్నాడు పనికి వెళ్ళగలిగాను.

ఆ తర్వాత ఐదు వారాలు హెల్కా డ్యూటీ అయిపోయాక ఇంటికి వెళ్ళకుండా నేలమాళిగలోకి దిగేది. పాత కాగితాలన్నీ అక్కడే ఉంటాయి. ఆ చలికాలం పక్షవాతంతో వచ్చినవాళ్ళ కట్టలన్నీ దింపించుకుని ఒక్కొక్కటే చదివింది. మొత్తం నలభై ముగ్గురు. వాళ్ళలో పదకొండు మందికి నిమ్ము చేసింది. ఆ పదకొండు మందిలో తొమ్మిది మందికి వచ్చిన రోజే ఏదో ఒకటి తాగడానికి ఇచ్చారు. మింగగలరా లేదా అన్న ముక్క ఒక్క కాగితంలోనూ లేదు. కాలు ఎంత లేస్తోంది, చేతికి ఎంత పట్టుంది, నోరు ఎటు వంకరపోయింది, అన్నీ రాశారు. గొంతు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కాలూ చెయ్యీ పడిపోయినట్టే గొంతులో కండలూ పడిపోతాయి. అప్పుడు తిండి గొట్టంలోకి పోవాల్సిన నీళ్ళు ఊపిరి గొట్టంలోకి జారతాయి. మనకు పొలమారితే దగ్గి బయటికి తోసేస్తాం. వాళ్ళకు ఆ బలం ఉండదు.

ఇవన్నీ గళ్ళ కాగితం మీద రాసి, మింగగలరో లేదో చూశాకే తాగడానికి ఇద్దామని అడగడానికి రౌతియో గదికి తీసుకెళ్ళింది. ఆయన చదివాడు. పక్షవాతం వచ్చిన ముసలివాళ్ళకి నిమ్ము రావడం మామూలేననీ, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాననీ అన్నాడు.

"నేనూ ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాను. మామూలైపోయింది కాబట్టే అడుగుతున్నాను" అంది హెల్కా.

నీళ్ళు తాగడానికి కూడా పరీక్ష పెట్టాలా అని ఆయన నవ్వాడట. ఆమె నవ్వలేదు. ఆ గళ్ళ కాగితం ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చింది.

మా ఊళ్ళో మాటల వైద్యం చేసేవాళ్ళు లేరు. కైసు అనే ఆవిడ ఔలు నగరం నుంచి నెలకు రెండుసార్లు బస్సులో వచ్చేది. మాట పడిపోయినవాళ్ళతో మాట పలికించడం, మింగలేనివాళ్ళకు మింగడం నేర్పించడం ఆవిడ పని. హెల్కా ఆవిడ వెంట పడింది. రెండు వారాలకోసారి వచ్చే మనిషి మొదటి రోజు పొద్దున ఎవరికి ఏమివ్వాలో ఎలా చెప్తుంది, నాకు నేర్పు అంది. కైసు నేర్పింది. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. తెలివిగా ఉన్నాడో లేదో చూడాలి. ముందు నోరు శుభ్రం చెయ్యాలి, ఎందుకంటే నోట్లో మురికే నీళ్ళతో పాటు లోపలికి పోయి చీము పట్టిస్తుంది. "ఆఁ" అనిపించి గొంతు వినాలి. ఒక చెంచా నీళ్ళు పోసి, రెండు వేళ్ళు కంఠం ముడి మీద ఆనించాలి. గుటక పడినప్పుడు ఆ ముడి పైకి లేచి దిగాలి. ఆగాలి. దగ్గు వస్తుందేమో చూడాలి. మళ్ళీ "ఆఁ" అనిపించాలి. అలా మూడు చెంచాలు. మూడూ బాగుంటే అప్పుడు అరగ్లాసు. ఎక్కడ తేడా వచ్చినా అక్కడే ఆపెయ్యాలి. ఇక నోటితో ఏమీ ఇవ్వకూడదు, సెలైనే.

అది నేర్చుకున్న నెలలో మా అందరి గొంతులూ హెల్కా వేళ్ళ కిందికి వచ్చాయి. కాఫీ గదిలో కూర్చుంటే పక్కన చేరి, "మింగు" అనేది. నా గొంతు, ఊడ్చే ఆవిడ గొంతు, స్ట్రెచరు తోసే లావుపాటి వైనో గొంతు, అన్నీ అయ్యాయి. వైనో ముడి కొవ్వులో దొరక్కపోతే "ఎక్కడ దాచావురా" అని రెండు నిమిషాలు వెతికింది. ఇంట్లో తౌనో సంగతి చెప్పనక్కర్లేదు. "పెళ్ళైన కొత్తలో కూడా నా మెడ ఇంత ప్రేమగా పట్టుకోలేదు" అని వాపోయేవాడు.

సెప్టెంబరులో రౌతియో ఈ చెంచాల పరీక్షకి ఒప్పుకున్నాడు, కానీ సగమే. హెల్కా డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం, వచ్చే వేసవి దాకా, చూసుకొమ్మన్నాడు. ఆ రోజు నుంచి మొదలైంది గోల. మా వాళ్ళు చచ్చి బతికినా మొదట అడిగేది కాఫీయే. ముఖం ఒకపక్కకు జారిపోయి, చెయ్యి వేలాడుతూ ఉన్నా, కళ్ళు తెరవగానే కాఫీ. బంధువులు ఫ్లాస్కుల్లో మోసుకొస్తారు. వాళ్ళకీ మంచానికీ మధ్య హెల్కా నిలబడేది. కప్పు బొమ్మ మీద అడ్డగీత గీసిన కాగితం మంచానికి తగిలించేది. దాహం అన్నవాళ్ళ పెదవులు తడిపేది, నాలుక తుడిచేది, పళ్ళు తోమేది. పక్క డ్యూటీ నర్సులు పని పెంచిందని గొణిగారు. మనిషికి పది నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలన్నారు. "నిమ్ము వచ్చినవాడి దగ్గర పది రోజులు నిలబడతారుగా, అందులోంచి తీసుకోండి" అంది.

మరుసటి ఏడాది మే నెలలో, చెరువులో మంచు విరిగి ఒడ్డుకు కొట్టుకొస్తున్న వారంలో, యల్మారి తోలొనెన్ వచ్చాడు. డెబ్భై తొమ్మిదేళ్ళు. వయసులో ఉన్నప్పుడు నదిలో దుంగలు తోలినవాడు. నీళ్ళలో తేలే దుంగల మీద నిలబడి, పొడుగు కర్రతో వాటిని దారిలో పెట్టుకుంటూ వందల మైళ్ళు పోయినవాడు. ఎడం పక్క చచ్చుబడిపోయింది గానీ నోరు మాత్రం ఆగలేదు. మంచం మీద పెట్టీ పెట్టగానే, "అమ్మాయ్, కాఫీ" అన్నాడు.

"యాభై ఒక్కేళ్ళ అమ్మాయిని. ముందు నీళ్ళు, మూడు చెంచాలు" అంది హెల్కా.

"నీళ్ళా? నీళ్ళలో చాలినంత కాలం నిలబడ్డాను."

ఆయన భార్య లెంపి పక్కనే కుర్చీలో ఉంది. చిన్న మనిషి, ఒళ్ళో ఫ్లాస్కు, గుడ్డలో చుట్టిన యాలకుల బన్నులు. యాభై రెండేళ్ళ కాపురంలో ఆయన పొద్దున కాఫీ ఒక్కరోజు కూడా తప్పలేదని చెప్పింది.

హెల్కా ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి, నోరు శుభ్రం చేసి, "ఆఁ" అనమంది. అన్నాడు. చెంచా పోసింది. గుటక పడింది, దగ్గలేదు. రెండో చెంచా, మూడో చెంచా, అలాగే. అరగ్లాసు ఇస్తే గటగటా తాగి, గ్లాసు తిప్పి చూపించాడు. ఒక్క దగ్గు లేదు. లెంపి ఫ్లాస్కు మూత తిప్పడం మొదలుపెట్టింది. బండితో గుమ్మంలో నిలబడ్డ నేను కూడా కప్పు తీశాను.

"ఇంకోసారి ఆఁ అనండి" అంది హెల్కా.

అన్నాడు. ఆమె తల వంచి వింది. దగ్గి మళ్ళీ అనమంది. అన్నాడు. ఒక నిమిషం ఆగి మరోసారి అనిపించింది. ఆ తర్వాత కప్పు బొమ్మ కాగితం తీసి మంచానికి తగిలించింది. యల్మారి ఆమెను తిట్టిన తిట్లు దుంగలవాళ్ళవి, రాయడానికి కుదరదు.

రౌతియో వచ్చాడు. మనిషి దగ్గలేదు కదా, నీ పరీక్ష ప్రకారమే పాసయ్యాడు కదా అన్నాడు. దగ్గు ఒక్కటే కాదు, గొంతు కూడా వినాలని కైసు చెప్పింది, ఈయన గొంతు తడిగా వస్తోంది అంది హెల్కా. ఆయన యల్మారి చేత "ఆఁ" అనిపించి విన్నాడు.

"నాకు డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలాయన గొంతు వినిపిస్తోంది, అంతే" అన్నాడు.

"నీళ్ళకి ముందు కూడా ఆయనకి డెబ్భై తొమ్మిదేళ్ళే. అప్పుడు ఈ గరగర లేదు."

రౌతియో గడియారం చూసుకున్నాడు. కైసు వచ్చేది నాలుగు రోజుల తర్వాత. అప్పటిదాకా మనిషిని ఎండగడతావా అన్నాడు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి ఇద్దాం అంది. సరే, కానీ ఇది నీ మాట మీద చేస్తున్నదని రాయమన్నాడు. ఆమె రాసి, కింద పేరు పూర్తిగా పెట్టింది. ఆ సంతకం నేను చూశాను. చిన్నపిల్లల కాపీరైటింగులా ఒక్కొక్క అక్షరం విడివిడిగా ఉంది.

ముక్కు గొట్టం ఆయన మొదటిరోజు పీకేశాడు. రెండో రోజు కూడా పీకేశాడు. మూడో రోజు హెల్కాకి సెలవు. ఆ పొద్దున నేను ఆ గది ముందు నుంచి పోతుంటే తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల నుంచి కాఫీ వాసన వచ్చింది. తలుపు తోశాను. లెంపి మూతలో కాఫీ వంపి ఆయన నోటి దాకా పెట్టేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వంటమనిషి ఎవరినైనా అలా పట్టుకోకూడదు, నాకు తెలుసు. కానీ నా కళ్ళ ముందు హిల్యా టీచరు ఎడం చెయ్యి ఉంది.

"వదులు. ఆయన అడుగుతున్నాడు. నేను ఎలా కాదనను?" అని లెంపి ఏడ్చేసింది.

నేను హెల్కా ఇంటికి ఫోను చేశాను. ఇరవై నిమిషాల్లో వచ్చింది, తౌనో మంచుబూట్లు తొడుక్కుని, జడ కూడా వేసుకోకుండా. లెంపిని కోప్పడుతుందనుకున్నాను. ఆమె మాత్రం కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది. లెంపి చెయ్యి తీసుకుని లెంపి గొంతు మీదే పెట్టి, మింగమంది. ముడి లేచి దిగింది. ఆ తర్వాత అదే చేతిని యల్మారి గొంతు మీద పెట్టి, ఆయన్ని ఉమ్మి మింగమంది. ముడి బద్ధకంగా, సగమే లేచింది. లెంపి ముఖం మారింది.

"మీరు చర్చి బృందంలో పాడతారట కదా" అంది హెల్కా.

"నలభై ఏళ్ళుగా."

"అయితే నాకంటే మీ చెవి మంచిది. కళ్ళు మూసుకుని వినండి."

యల్మారి చేత "ఆఁ" అనిపించింది. తర్వాత ఒకే ఒక్క చెంచా నీళ్ళు పోసింది. మళ్ళీ "ఆఁ". లెంపి కళ్ళు మూసుకునే, "నీళ్ళలో మునిగి పాడినట్టుంది. ఇది మా ఆయన గొంతు కాదు" అంది.

ఆ తర్వాత లేచి ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి, సంచిలో పెట్టేసుకుంది. యల్మారి ఆమె వైపు చూశాడు.

"లెంపీ, నువ్వు కూడానా" అన్నాడు.

"నేను కూడానే. అరిస్తే అరుచుకో. యాభై రెండేళ్ళు విన్నాను, ఇంకో నాలుగు రోజులు వింటాను" అంది. ఆ సాయంత్రం ముక్కు గొట్టం మళ్ళీ వేసినప్పుడు ఆయన కుడి చేతిని ఆవిడే పట్టుకుని కూర్చుంది.

కైసు వచ్చి చూసి, తనకూ అనుమానంగానే ఉందనీ, ఔలు పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే కింద మింగించి చూడాలనీ చెప్పింది. అంబులెన్సులో రెండున్నర గంటల దారి. సున్నంలాంటి తెల్లటి మందు కలిపిన నీళ్ళు తాగించి, అవి లోపల ఎటు పోతున్నాయో తెర మీద చూశారు. తెల్లటి గీత ఒకటి తిండి గొట్టంలోకి దిగింది. ఇంకొకటి, దారం అంత సన్నగా, ఊపిరి గొట్టంలోకి జారింది. యల్మారి దగ్గలేదు. కనీసం కన్ను కూడా ఆర్పలేదు. గొంతులో మంటగానీ గీరగానీ తెలియని పక్షవాతం ఆయనది. అలాంటివాళ్ళే అందరికంటే ప్రమాదంలో ఉంటారట, చూసేవాళ్ళకు అనుమానమే రాదు కనుక.

ఆ ఫిల్ము మా ఊరికి వచ్చిన రోజు రౌతియో దాన్ని ఎక్స్‌రేలు చూసే దీపం పలక మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. మర్నాడు పొద్దున నర్సులూ డాక్టర్లూ కూడే సమావేశంలో కాఫీ కెటిల్ పెట్టడానికి నేను వెళ్ళాను, కాబట్టి నా చెవులతో విన్నదే చెప్తున్నాను.

"నాకు వినపడలేదు, ఆమెకు వినపడింది" అన్నాడు. గొంతు సవరించుకుని, "ఇవాళ్టి నుంచి ఈ వార్డులో పరీక్ష చెయ్యకుండా ఎవరికీ చుక్క నీళ్ళు ఇవ్వకండి. ఏ డ్యూటీ అయినా సరే. మందుబిళ్ళ కూడా వద్దు" అన్నాడు.

అందరూ హెల్కా వైపు చూశారు. ఆమె, "అయితే నేర్పించడానికి నాకు అన్ని డ్యూటీలకీ రెండేసి గంటలు కావాలి" అంది. పొగడ్త కోసం ఒక్క క్షణం కూడా ఆగలేదు.

ఇక అసలు పని నాకు పడింది. పలచటివి యల్మారి మింగలేడు, చిక్కటివైతే మెల్లగా జారుతాయి కాబట్టి గొంతుకు సర్దుకునే సమయం దొరుకుతుంది. బంగాళాదుంప పిండి వేసి ఉడికించిన బ్లూబెర్రీ రసం, మా వాళ్ళందరూ చిన్నప్పటి నుంచి తాగే కీస్సెలి, అందుకు సరిగ్గా సరిపోయింది. చెంచా నుంచి ఎంత మెల్లగా జారాలో హెల్కా గడియారం పెట్టి చూసేది. పలచనైతే మళ్ళీ పొయ్యి మీదికి. చేపల సూపు, జావ, మజ్జిగ, అన్నిటికీ లెక్కలు కనిపెట్టాం. గడ్డం ఛాతీకి ఆనించి మింగమని కైసు నేర్పింది. గట్టిగా, గోళీ మింగినట్టు గుటక వెయ్యమంది, రోజుకు అరవైసార్లు. లెంపి ఆయన చేత ఎత్తు స్వరంలో కూనిరాగాలు తీయించేది. గొంతు కండలకు అదీ మంచిదేనట. పక్క మంచం ఆయన దాన్ని భరించలేక వేరే గది అడిగాడు.

చిక్కబరిచిన కాఫీ మొదటిసారి ఇచ్చింది నేనే. ఒక చెంచా నోట్లో పెట్టుకుని యల్మారి నా వైపు చాలాసేపు చూశాడు. "మార్తా, పడవకి పూసే తారు ఇంతకంటే రుచిగా ఉంటుంది" అన్నాడు. అయినా కప్పు ఖాళీ చేశాడు. ఇంకోసారి ఔలు వెళ్ళి వచ్చారు. రెండోసారి చూసినప్పుడు ఆ దారం అంత గీత లేదు. జూలైలో, గడ్డి కోతల వారంలో, పలచటి కాఫీ తాగి ఇంటికి వెళ్ళాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికాడు. ఆయన పోయింది గుండెతో, గొంతుతో కాదు.

అందరికీ అలా కలిసిరాలేదు. ఔనే అనే ఆవిడకు ఎనభై ఆరేళ్ళు. ఆరు వారాలు అన్నీ చేశాం, గొంతు తిరిగి రాలేదు. కడుపులోకి గొట్టం వేస్తామంటే వద్దంది. తెలివిగానే, కాగితం మీద రాసి మరీ చెప్పింది. నేను పోయేలోపు వెన్న రాసిన రై ధాన్యపు రొట్టె, చేప తింటాను అంది. హెల్కా అడ్డం చెబుతుందని అందరం అనుకున్నాం. ఆమె ఔనే పక్కన కూర్చుని, తింటే ఏమవుతుందో దాచకుండా చెప్పింది. ఔనే తల ఊపింది. అప్పుడు హెల్కా వంటగదికి వచ్చి, మెత్తటి చేప తీయమని నాతో అంది. తానే చిన్న ముక్కలు చేసి, గడ్డం దించించి, ఒక్కొక్క ముక్క తినిపించింది. నేను ఉండబట్టలేక, ఇన్నాళ్ళూ ఆపి ఇప్పుడెలా పెడుతున్నావని అడిగాను.

"తెలియక తాగడం వేరు, తెలిసి తినడం వేరు. టీచరుకి ఎవరూ చెప్పలేదు. ఈవిడకి చెప్పాం" అంది.

ఔనే మూడు వారాలు తింది. ఆఖరికి నిమ్మే వచ్చింది. హెల్కా ఆ నిమ్మును కూడా తన లెక్కలోనే రాసుకుంది, దాచలేదు.

ఆ ఏడు చలికాలం మా వార్డుకి ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. నిమ్ము వచ్చింది ముగ్గురికి. వాళ్ళలో ఔనే ఒకరు. హెల్కా ఆ అంకెను పెద్దగా చెప్పుకోలేదు. "ఇంకా ముగ్గురు" అంది.

రిటైరయ్యే రోజు కేకు కోశారు, ఉపన్యాసాలు చెప్పారు. రౌతియో అప్పటికే రిటైరైనా మంచు బద్దల మీద వచ్చాడు. ఆమె వంతు వచ్చినప్పుడు మాట్లాడేదేమీ లేదని కూర్చుండిపోయింది. ఊరికే ఇంట్లో కూర్చుంటుందనుకున్న తౌనో పొరబడ్డాడు. చుట్టుపక్కల పల్లెల్లోని వృద్ధాశ్రమాల వాళ్ళకి మింగడం చూడటం తెలియదని ఆమెకు ముందునుంచే మంట. రిటైరైన రెండో వారం నలభై మైళ్ళ అవతలి ఆశ్రమానికి ఫోను చేసింది. మాకు అలాంటి సమస్య లేదండి, మా వాళ్ళంతా బాగానే తింటారు అని అక్కడి మేనేజరు చెప్పాడట.

"భోజనం అయ్యాక ఎంతమంది దగ్గుతారో ఒక్క వారం లెక్కపెట్టండి. మళ్ళీ మంగళవారం చేస్తాను" అని పెట్టేసింది.

మంగళవారం ఆమె చేసేలోపే ఆయనే చేశాడు. ఇరవై నాలుగు మందిలో తొమ్మిది మంది అని చెప్పి, ఎప్పుడు రాగలరని అడిగాడు. తౌనో అప్పటికే కారు మీది మంచు గీకుతున్నాడు.